పదికి పది

రోలరక్క పరీక్ష తప్పింది. ఒకసారి తప్పితే పొరపాటు అనుకోవచ్చు, ఇది రెండోసారి. ఆ బుధవారం ఉదయానికి ఈ సంగతి తెలిసింది ఇద్దరికే: ఆమెకూ, ఆమె ఒళ్ళో ఉన్న కంపెనీ టాబ్లెట్టుకూ. పదికి నాలుగు అని ఎర్రగా చూపించి, ఆ టాబ్లెట్టు ఏమీ ఎరగనట్టు మళ్ళీ మొదటి పేజీకి వెళ్ళిపోయింది.

"నీ మొహం" అంది ఆమె దానితో, మెల్లగా.

సబ్బుపొడి బస్తాల గదిలో, బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. తలుపు అవతల లాండ్రీ హోరు. మూడు ఆసుపత్రులు, పదకొండు హోటళ్ళు విడిచిన దుప్పట్లూ తువ్వాళ్ళూ ఆ షెడ్డులోకి ఒక గుమ్మంలోంచి మురికిగా వచ్చి, ఇంకో గుమ్మంలోంచి పెళపెళలాడుతూ వెళ్ళిపోతాయి. మధ్యలో రోలరు ఉంటుంది. షెడ్డు వెడల్పున పడుకున్న పెద్ద ఇస్త్రీ యంత్రం అది. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని తడి దుప్పటిని దానికి అందిస్తే, అవతలి పక్క పొడిగా, ముడత లేకుండా బయటికొస్తుంది. దాని కుడి కొసన పంతొమ్మిదేళ్ళుగా నిలబడి నిలబడి ఆమెకు ఆ పేరే ఖాయమైంది. అసలు పేరు ఒకటి ఉందని అందరికీ తెలుసు, ఏమిటో చప్పున ఎవరికీ గుర్తురాదు.

ఇప్పుడు ఆ పేరుకే ఎసరొచ్చింది. మేనేజరు గారి సంతకంతో నోటీసు బోర్డు మీద పది రోజులుగా ఒక కాగితం వేలాడుతోంది. సోమవారం నుంచి సర్టిఫికెట్టు లేనివాళ్ళు రోలరు దగ్గర పనిచేయరాదు, వాళ్ళను మురికి గదికి మారుస్తారు. పరీక్షకు మూడు అవకాశాలు. ఆమెకు మిగిలింది ఒక్కటి, అదీ శనివారం లోపల. మురికి గది అంటే వచ్చిన మూటలు విప్పి, మరకలు చూసి వేరుచేసే చోటు. ఆ పని తక్కువదేం కాదు, ఎవరో ఒకరు చేయాల్సిందే, చేరిన కొత్తలో ఆర్నెల్లు ఆమే చేసింది. కానీ పంతొమ్మిదేళ్ళ తర్వాత పరీక్ష తప్పి, అందరూ చూస్తుండగా అక్కడికి నడవడం ఉందే, ఆ నడక మాత్రం ఆమె వల్ల కాదు.

అన్నిటికంటే ఒళ్ళు మండే సంగతి ఇంకోటుంది. ఇప్పటికి పాసైన తొమ్మిది మందికీ పాఠం అర్థమయ్యేలా చెప్పింది ఆమే.

జవాబులు రాక కాదు. మరీ ఎక్కువ రావడమే చిక్కు. 'దుప్పటి రోలరుకు అంటుకుంటే మొదట ఏం చేయాలి?' అని టాబ్లెట్టు అడుగుతుంది. ఏ దుప్పటి? నూలుదా, పాలిస్టరు కలిపి నేసిందా? ఎక్కడ అంటుకుంది, అంచు దగ్గరా, నడిమధ్యనా? ఉతుకులో సబ్బు సరిగ్గా వదలక అంటుకుందా, పొద్దున రోలరుకు మైనం గుడ్డ తిప్పక అంటుకుందా? ఆమె ఇంతవరకు ఆలోచించేసరికి నలభై సెకండ్లు అయిపోతాయి, ప్రశ్న మాయమవుతుంది.

టాబ్లెట్టును ఏప్రన్ జేబులో దూర్చి బయటికొచ్చింది. రోలరు ఎడమ కొసన బుల్లెట్టు ఎదురుచూస్తోంది. చేరి రెండు నెలలైన పిల్ల, నడకా మాటా రెండూ పరుగే కాబట్టి ఆ పేరు.

"అయిందా అక్కా పరీక్ష?"

"ఆఁ, అయింది."

అయిన మాట నిజమే కదా. ఆమె తోపుడుబండిలోంచి తడి దుప్పటి ముద్దను ఎత్తి, అంచు వెతికి, ఒక మూల బుల్లెట్టు వైపు విసిరింది. ఇద్దరూ చెరో మూలా పట్టి ఒక్కసారి విదిలించారు. తడిగుడ్డ ఫటేలుమంది. అంచు బిగువుగా లాగి, రోలరు ముందున్న పట్టీల మీద ఆనించి వదిలారు. రోలరు నోట్లో పెట్టుకున్నట్టు దుప్పటి లోపలికి పోయింది. ఆవిరి లేచింది.

"నాకు తొమ్మిదొచ్చాయి తెలుసా" అంది బుల్లెట్టు. "ఆ అంచు ప్రశ్న నువ్వు నిన్న చెప్పావు చూడు, అదే వచ్చింది. నీకెన్ని?"

"ముందు అటు చూడు, మూల జారుతోంది."

మూల జారడం లేదు. బుల్లెట్టు గబుక్కున చూసుకుని, జవాబు సంగతి మరిచిపోయింది. కుర్రతనంలో ఉన్న సుఖమే అది.

పదకొండింటికి టీ. షెడ్డు చివర, మడత బల్ల పక్కన, పాత దుప్పటి పరిచిన పొడుగు బల్ల ఒకటుంది. లాండ్రీలో ఎవరికి ఏ పని వచ్చినా ఆ బల్ల దగ్గర నేర్చుకున్నదే. ఆరోజు మడతల బాబాయి వంతు. మడత బల్ల దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న మనిషి, రోలరు వాళ్ళు ఎవరైనా రాకపోతే ఆ కొసకు ఆయన్నే పిలుస్తారు కాబట్టి ఆయనకూ సర్టిఫికెట్టు కావాలి. పరీక్ష అంటే ఆయనకు ఒకటే దడ.

"చిన్న గుడ్డలన్నీ మధ్యలోంచే పంపితే ఏమవుతుంది అని అడిగారమ్మా. ఏమవుతుంది? ఇస్త్రీ అవుతుంది. ఇంకేమవుతుంది?"

రోలరక్క టీ గ్లాసు పక్కన పెట్టి, చేతులు తుడుచుకునే గుడ్డ తీసి బల్ల మధ్యలో పరిచింది. "ఇది రోలరు మధ్య అనుకో బాబాయ్. తడిగుడ్డ ఎక్కడ పడితే అక్కడ వేడి లాగేసుకుంటుంది. నువ్వు పొద్దుటి నుంచి మధ్యలోనే పంపావు. మరి ఈ రెండు పక్కలా?"

"కాలుతూ కూర్చుంటాయి."

"కూర్చున్నాయి. మధ్యాహ్నం పెద్ద దుప్పటి పెట్టావు. ఏమైంది?"

బాబాయి గడ్డం గోక్కున్నాడు. "అంచులు రెండూ పసుపెక్కాయి. ఓహో. అందుకా నువ్వు ఒకటి ఇటూ ఒకటి అటూ పంపేది. నేను సరదాకి అనుకున్నా."

అందరూ నవ్వారు. ఆ నవ్వుకు తలుపు దగ్గర ఎవరో ఆగారు. మెడలో కార్డు, చేతిలో లాప్‌టాపు, పాతికేళ్ళుంటాయేమో. పెద్దాఫీసు నుంచి నాలుగు రోజుల క్లాసు చెప్పడానికి వచ్చిన ట్రైనింగు మేడం. ఆమెను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు, బల్ల మీది గుడ్డ కూడా మాయమైంది.

"కూర్చోండి, కూర్చోండి" అంది ఆ అమ్మాయి, ఏదో చెడగొట్టినదానిలా. ఎవరూ కూర్చోలేదు.

మధ్యాహ్నం ఆఫీసు గదిలో కుర్చీలు వరుసగా వేసి క్లాసు పెట్టారు. కంపెనీ కొత్త పద్ధతిని మేడం గోడ మీద బొమ్మ వేసి చూపించింది. బొమ్మలో మూడు గడులు. మొదటి గడి, ఇంటి దగ్గర తెర మీద చూసే పాఠం. రెండోది, ఇలా ఎదురుగా కూర్చుని వినే క్లాసు. మూడోది, తోటివాళ్ళ దగ్గర నేర్చుకోవడం. ఈ మూడూ కలిస్తేనే చదువు అంది. మూడోదాని కోసమే రెండు నెలల కిందట ఫోనులో గ్రూపు పెట్టారట, ఎవరు ఎన్ని సందేశాలు పెట్టారో లెక్క వస్తుందట.

"ఇప్పటిదాకా అందరికంటే ఎక్కువ పెట్టినవారు..." మేడం లాప్‌టాపులో వెతికి, మడతల బాబాయి వైపు చూసింది. "నూట నలభై రెండు. చాలా బాగుంది. ఏమేం పంచుకున్నారు సార్?"

బాబాయి లేచి, చొక్కా సర్దుకున్నాడు. "పువ్వులమ్మా. రోజూ పొద్దున ఒక పువ్వు, సాయంత్రం ఒక పువ్వు. ఆదివారం రెండేసి."

వెనక వరుసలో బుల్లెట్టు నోట్లో చున్నీ కుక్కుకుంది. మేడం కూడా నవ్వాపుకోవడానికి గోడ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదలడం రోలరక్క చూసింది. 'ఫరవాలేదు, ఈ పిల్లకి ప్రాణముంది' అనుకుంది.

కానీ అదే లాప్‌టాపులో ఎక్కడో తన పేరు పక్కన రెండు ఎర్ర గుర్తులు ఉండి ఉంటాయని గుర్తొచ్చి, మిగిలిన క్లాసంతా తల దించుకునే కూర్చుంది.

సాయంత్రం ఇంట్లో టాబ్లెట్టును గోడకు ఆనించి పెట్టి మళ్ళీ పాఠం వేసింది. భర్త బస్సు డ్రైవరు, ఆ పూట బండి మీద ఉన్నాడు. మంచం మీద అత్తగారు. ఎనభై దాటాయి, కాళ్ళు సహకరించవు, చెవులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. పాఠం చెప్పే మగగొంతు అంటే ఆవిడకు మహా ఇష్టం.

"ఎంత స్పష్టంగా చెప్తున్నాడే. మీ మామయ్య ఒక్క మాటైనా ఇంత స్పష్టంగా చెప్పి ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది."

"వినండి అత్తయ్యా, నన్నూ విననివ్వండి."

పాఠం అయ్యాక టాబ్లెట్టు అభ్యాసం కోసం పది ప్రశ్నలు అడిగింది. ఇవి లెక్కలోకి రావు, ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు. అవే ప్రశ్నలు. రోలరక్క మొదటిదాని దగ్గరే ఆగిపోయింది. దుప్పటి మూల పట్టుకున్నప్పుడు చూపు ఎక్కడ ఉండాలి?

"రోలరు మీద" అంది అత్తగారు మంచం మీంచి.

"కాదు అత్తయ్యా. ఎదుటి మనిషి మీదుండాలి. ఆ మనిషి ఎంత లాగుతోందో, ఎప్పుడు వదులుతోందో చూడకపోతే..."

"అతను రోలరు మీద అన్నాడే. నొక్కు."

నొక్కింది. పచ్చగుర్తు వచ్చింది. తర్వాతది, నీరు పిండాక దుప్పటిలో తడి ఎంతుండాలి? "నలభై శాతం" అంది అత్తగారు, పక్కకు ఒత్తిగిలుతూ. పచ్చగుర్తు. అలా పది ప్రశ్నలకు తొమ్మిది పచ్చగుర్తులు వచ్చాయి. ఆ తప్పిన ఒక్కటీ దగ్గు రావడం వల్ల తప్పిందని ఆవిడ వాదన.

రోలరక్క టాబ్లెట్టు వైపూ, అత్తగారి వైపూ మార్చి మార్చి చూసింది. జన్మలో ఆ యంత్రాన్ని చూడని మనిషి. "అయితే సోమవారం నుంచి మీరే వెళ్ళండి అత్తయ్యా, నేను మంచం మీద పడుకుంటాను."

"నేనొస్తే నీ ఉద్యోగం పోతుందే పిచ్చిదానా" అంది ఆవిడ, మనసారా.

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండింటినీ మింగి వంటింట్లోకి వెళ్ళింది. అవే జవాబులు శనివారం నొక్కేయొచ్చు, కానీ తప్పని తెలిసినదాని మీదికి తన వేలు పోదని ఆమెకు తెలుసు.

గురువారం పొద్దున మేడం నేరుగా రోలరు దగ్గరికే వచ్చింది. బుల్లెట్టును బండి తేవడానికి పంపి, గొంతు తగ్గించింది.

"మిమ్మల్ని ఒకటి అడగాలి. టీ బల్ల దగ్గర నిన్న విన్నాను. అంత బాగా ఎవరూ చెప్పగా వినలేదు నేను. మరి పరీక్షలో రెండుసార్లూ నాలుగే ఎందుకొచ్చాయి?"

రోలరక్క చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం చెప్పే దారి వెతికింది, దొరకలేదు. అప్పుడు కోపం వచ్చింది. కోపం వస్తే ఆమెకు మాట తేలిక.

"ఆ ప్రశ్నలకి తలా తోకా లేదమ్మా. తడి ఎంతుండాలి అంటే ఏం చెప్పను? ఆసుపత్రి దుప్పటి మందం, హోటలుది పలచన. వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా. శాతం అట శాతం. ఎవరు రాశారో గానీ, ఒక్క దుప్పటి పట్టి ఎరగరు వాళ్ళు."

మేడం నేల చూపులు చూసింది. "నేనే రాశాను."

రోలరక్క నాలుక కరుచుకుంది.

"యంత్రంతో వచ్చిన పుస్తకం చూసి రాశాను" అంది ఆ అమ్మాయి. "మీరన్నది నిజమే. దుప్పటి పట్టలేదు. ఇవాళ పట్టొచ్చా?"

"ఈ బట్టల్లోనా? ఆవిరికి తడిసి ముద్దవుతావు."

"అవుతాను."

బండితో తిరిగొచ్చిన బుల్లెట్టు ఏప్రన్ ఇచ్చింది. మేడం జుట్టు ముడేసుకుని, మెడలో కార్డు తీసి జేబులో పెట్టుకుని, ఎడమ కొసన నిలబడింది. మొదటి దుప్పటి అడ్డంగా పోయింది. రెండోది ఆమె చేతిలోంచి ముందే జారి, రోలరక్క చేతిలో వేలాడింది. మూడోదానికి ఆమె ఎంత గట్టిగా లాగిందంటే రోలరక్క రెండడుగులు ముందుకొచ్చింది.

"దుప్పటితో కుస్తీ పట్టకమ్మా. యంత్రం వైపు చూడకు, అది ఎక్కడికీ పోదు. నా వైపు చూడు. నా భుజం ఎప్పుడు దిగుతుందో అప్పుడు వదులు."

పదో దుప్పటి కాస్త తిన్నగా పోయింది. ఇరవయ్యోది పోతుంటే మేడం నోరు తెరిచి చూసింది. ముప్ఫై దాటాక ఇద్దరికీ మాటలు అక్కర్లేకపోయింది. మధ్యలో ఒక దుప్పటి అంచు రోలరుకు అంటుకోబోయింది. మేడం ఎర్ర మీట వైపు చెయ్యి చాపింది. రోలరక్క తల అడ్డంగా ఊపింది. అంచు అవతల దానంతట అదే వదిలింది.

"ఆపి ఉంటే?" అంది మేడం.

"ఆగిన చోట కాలి ఉండేది. ఇదే చుట్టుకుపోతూ ఉంటే మాత్రం ఒక్క క్షణం ఆలోచించకు, ఆపెయ్. చెయ్యి మాత్రం ఎప్పుడూ లోపలికి పెట్టకు. ఆపినా పెట్టకు."

"రెండూ ఒకేలా కనిపిస్తాయి కదా. తేడా ఎలా తెలుస్తుంది?"

"ఇంకో వంద దుప్పట్లు పట్టు."

మేడం పట్టింది. గురువారమే కాదు, శుక్రవారం కూడా క్లాసు మానేసి అందరినీ రోలరు దగ్గరికే రమ్మంది. గోడ మీది బొమ్మలు లేవు. ఒకరు ఒక కొసన, ఒకరు ఇంకో కొసన, మిగిలినవాళ్ళు చుట్టూ నిలబడి సలహాలు. మడతల బాబాయి ముడత ఎక్కడి నుంచి పుట్టిందో మడత చూసి చెప్పగలనని తేల్చాడు. ఈ సంగతి ఇరవై ఏళ్ళుగా ఎవరూ ఆయన్ను అడగలేదు, ఆయనా చెప్పలేదు. బుల్లెట్టు ఫోను పట్టుకుని అక్క చేతులు వీడియో తీసి గ్రూపులో పెట్టింది. పువ్వుల మధ్య అదొక్కటే పని సందేశం. పది నిమిషాల్లో దాని కింద రాత్రి పాళీ వాళ్ళవి పదిహేడు ప్రశ్నలు వచ్చాయి. మేడం అవి చదివి, "ఇవి నా పరీక్షలో ఒక్కటీ లేవు" అంది తనలో తను.

శుక్రవారం పని దిగే వేళ, చేతులు కడుక్కుంటుంటే రోలరక్క అత్తగారి తొమ్మిది మార్కుల కథ చెప్పింది, నవ్విద్దామని. మేడం నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది.

"మంచం మీంచేనా? తొమ్మిదా?"

"దగ్గు రాకపోతే పది."

మేడం తడి చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని, టాబ్లెట్టు అడిగి తీసుకుని, టీ బల్ల దగ్గర కూర్చుంది. తను రాసిన పరీక్షే, తన పేరు మీద తెరిచింది. రోలరక్క పక్కన నిలబడింది. మొదటి ప్రశ్న చదివి మేడం వేలు 'రోలరు మీద' అన్న జవాబు పైకి వెళ్ళి, అక్కడే ఆగింది. రెండు రోజుల పనికి ఎర్రబడిన ఆ వేలు మెల్లగా పక్కకు జరిగి 'ఎదుటి వ్యక్తి మీద' నొక్కింది. తర్వాత ప్రశ్నకు "ఏ దుప్పటి?" అని పైకే అంది. నలభై సెకండ్లు అయిపోయాయి.

చివరికి తెర ఎర్రబడింది. పదికి మూడు.

"నాకంటే ఒకటి తక్కువ" అంది రోలరక్క. ఎంత ఆపుకున్నా ఆ గొంతులో ఆనందం దాగలేదు.

శనివారం పదింటికి మేనేజరు గారు జాబితా పట్టుకుని వచ్చారు. చెడ్డ మనిషి కాదు. పనివాళ్ళను కసురుకోరు, ఎవరింట్లో ఎవరికి బాగాలేదో అడుగుతారు. ఒక్కటే బలహీనత, పైనుంచి వచ్చిన కాగితమంటే ఆయనకు దేవుడి మాట. పరీక్ష ఇంకా ఎవరెవరిది మిగిలిందో చూసి, రోలరక్క పేరు దగ్గర ఆగారు.

"ఏమ్మా, నీదేమిటి ఇంకా కాలేదు? అందరికంటే ముందు నీది అయిపోతుందనుకున్నానే."

అందరి చూపులూ ఇటు తిరిగాయి. బుల్లెట్టు నోరు తెరుచుకుంది. రోలరక్క ఇన్నాళ్ళు దాచింది ఒక్క మాటలో బయటపడింది. దాచడానికి ఇంకేమీ మిగలకపోయేసరికి, ఆశ్చర్యంగా, ఒంట్లో బరువు దిగినట్టే అనిపించింది.

"రెండుసార్లు తప్పాను సార్" అంది.

"నేనూ తప్పాను సార్" అంది మేడం పక్కనుంచి. "నేను రాసిన పరీక్షే. పని నేర్చుకోకముందు రాసి ఉంటే పాసయ్యేదాన్ని."

మేనేజరు గారు ఇద్దరినీ చూసి, పెద్దగా నవ్వారు. "ఇదేం చోద్యమమ్మా. అంత కష్టమైనవా ఆ ప్రశ్నలు? పాఠం నేనూ చూశాను, ఒక్కసారే. ఇటివ్వండి."

టాబ్లెట్టు ఆయన చేతికి వెళ్ళింది. నిలబడే రాశారు. ఒక్కో ప్రశ్న పైకి చదవడం, 'ఇది తెలియకపోవడమేమిటి' అన్నట్టు కనుబొమలు ఎగరేయడం, నొక్కడం. మూడు నిమిషాలు పట్టలేదు. తెర పచ్చగా వెలిగింది, చప్పట్ల శబ్దం కూడా వచ్చింది. పదికి పది.

"చూశారా" అన్నారాయన, టాబ్లెట్టును అందరికీ తిప్పి చూపిస్తూ. "మనసు పెట్టాలి, అంతే."

"అభినందనలు సార్" అంది మేడం. ఆమె గొంతులో వెటకారం లేదు, నిజంగా లేదు. "మన లాండ్రీలో మీదే మొదటి పూర్తి మార్కు. రూలు ప్రకారం సోమవారం నుంచి రోలరు దగ్గర నిలబడే అర్హత మీకుంది, అక్కకి లేదు. ఒక్క దుప్పటి పట్టి చూపిస్తారా?"

మేనేజరు గారు చుట్టూ చూశారు. పన్నెండు మంది. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు, అంత జాగ్రత్తగా నిలబడ్డారు. కాదనడానికి వీల్లేని చోటు. ఆయన కోటు విప్పి మడతల బాబాయికి ఇచ్చారు. బాబాయి దాన్ని అలవాటు చొప్పున నాలుగు మడతలు పెట్టేశాడు.

"ఎడమ కొసకు రండి సార్" అంది రోలరక్క. దుప్పటి ఎత్తి, అంచు వెతికి, మూల ఆయన వైపు అందించింది. విసరలేదు, అందించింది. ఆయన పట్టుకున్నారు. విదిలించారు, కళ్ళజోడు మీద నీళ్ళు పడ్డాయి. కళ్ళజోడు తుడుచుకుని, పాఠంలో చెప్పినట్టే నిటారుగా నిలబడి, పాఠంలో చెప్పినట్టే చూపు రోలరు మీద పెట్టారు. రెప్ప కూడా వేయలేదు.

రోలరక్క భుజం దించింది. ఆయన చూడలేదు. ఆమె వదిలిన క్షణానికి ఆయన ఇంకా లాగుతూనే ఉన్నారు. దుప్పటి మూలగా పోయి, ఒక పక్క ఉండచుట్టుకుని, ఇంకో పక్క ఆయన చేతుల మీదుగా వెనక్కి జారి, మెడకు చుట్టుకుంది. ఆయన కంగారుగా అడుగు ముందుకేశారు. మనిషి తగిలితే యంత్రాన్ని ఆపే కాపు కడ్డీకి ఆయన పొట్ట తగిలింది, యంత్రం టక్కున ఆగిపోయింది. 

"దెబ్బ తగిలిందా సార్?" రోలరక్క ముందు అడిగింది అదే. పరుగున వెళ్ళి ఆయన మెడ చుట్టూ ఉన్న తడిగుడ్డ తీసింది. వేడి తగ్గించే మీట తిప్పింది. లోపల ఇరుక్కున్న అంచును పొడుగు కర్రతో మెల్లగా ఇవతలికి లాగింది. తెల్లటి దుప్పటి మీద గోధుమరంగు చార జానెడు పడింది.

మేనేజరు గారు ఆ చారను వేలితో రుద్ది చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయన కోపం తెచ్చుకుని తప్పించుకునేవారు.

"నేను అన్నీ సరిగ్గానే చేశాను కదా" అన్నారు చివరికి, ఫిర్యాదులా కాదు, నిజంగా అర్థంకాక.

"చేశారు సార్" అంది మేడం. "తప్పు నా ప్రశ్నల్లో ఉంది. పెద్దాఫీసుకి నేను రాస్తాను. తోటివాళ్ళ దగ్గర నేర్చుకోవాలని మూడో గడి గీశాను, అది ఫోనులో ఉంటుందనుకున్నాను. ఇక్కడ ఈ టీ బల్ల దగ్గర ఇరవై ఏళ్ళుగా ఉంది. కొత్త ప్రశ్నలు వీళ్ళతో కూర్చుని రాస్తాను."

"కూర్చుని కాదు, నిలబడి" అంది బుల్లెట్టు. అప్పుడు నవ్వారు అందరూ, మేనేజరు గారితో సహా.

ఆయన జేబులోంచి జాబితా తీశారు. తడిచేతులకు కాగితం అంటుకుంది. రోలరక్క పేరు పక్కన ఖాళీ గడిలో పెన్ను పెట్టి ఆగారు. పైనుంచి వచ్చిన కాగితం మీద సొంతంగా ఒక అక్షరం రాయడం ఆయనకు అదే మొదటిసారి అయి ఉంటుంది. "పరీక్ష రోలరు దగ్గర జరిగింది. పాస్" అని రాసి, కింద సంతకం పెట్టి, మేడం చేత కూడా పెట్టించారు. ఆలోచించి, పదికి పది వచ్చినందుకు రోలరు వాళ్ళలో తన పేరూ చేర్చారేమోనని కాగితం వెనక్కి తిప్పి కూడా చూసుకున్నారు.

రోలరక్క ఆ సంతకాలు చూసింది. కళ్ళు చెమర్చాయి, దాచుకోలేదు. ఆవిరి అనుకుంటే అనుకోనీ. వేడి మీట మళ్ళీ పైకి తిప్పి, తన కుడి కొసకు వెళ్ళి నిలబడింది. రోలరు మెల్లగా కదలడం మొదలుపెట్టింది.

మేనేజరు గారు వెళ్ళలేదు. కళ్ళజోడు తుడుస్తూ అక్కడే తచ్చాడారు. "సరే గానీ అమ్మా" అన్నారు, ఇటూ అటూ చూసి, "నాకు నేర్పాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

ఆమె ఆయన్ను పైనుంచి కిందికి, నీరు పిండిన దుప్పటిని చూసినట్టు, శ్రద్ధగా చూసింది.

"మీరు త్వరగా పాసయ్యే మనిషి సార్" అంది. "కాస్త ఎక్కువే పడుతుంది."